బూడిదలో బూటు ముద్ర

మా అత్తగారి మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. అక్టోబరు ఆఖరుకి వచ్చేసరికి వాటిలో ఒక్కటే పైకి తేలుతుంది: ఆవిడ చచ్చినవాళ్లకు వడ్డించినంత ప్రేమగా బతికున్నవాళ్లకు వడ్డించరు. మెదిపిన బంగాళదుంపల్లో కేల్ ఆకు కలిపి, మధ్యలో గుంట చేసి, ఆ గుంటలో వెన్న వేయడం ఆ పండగ వంట. నా పళ్లెంలో గుంట ఉంటుంది, వెన్న ఉండీ ఉండనట్టు ఉంటుంది. ఎప్పుడో బర్మింగ్‌హామ్‌లో ఇళ్లు కడుతూ పరంజా మీంచి పడి చనిపోయిన తన తమ్ముడు థేడీ గిన్నెలో మాత్రం వెన్న చెరువై నిలిచి ఉంటుంది.

"వాడికి ఏడాదికి ఒక్కసారే కదే, నీకు రోజూనాయె" అంటారు అడిగితే.

నిజమే. పైగా థేడీకి కొలెస్ట్రాల్ భయం లేదు.

లోకమంతా హాలోవీన్ అనే ఆ సాయంత్రాన్ని మా స్లైగో వైపు పాతవాళ్లు సౌవిన్ అంటారు. వేసవి చచ్చిపోయే రోజు. కొండ మీది గొడ్లు కిందికి దిగిపోయి ఉంటాయి, కోతలు అయిపోయి ఉంటాయి, పాత ఏడాది ముగిసి కొత్తది ఇంకా మొదలవని ఆ సందులో, పోయినవాళ్లు సొంత ఇల్లు చూసుకోవడానికి వస్తారు. వాళ్ల కోసం తలుపు గొళ్లెం తీసి ఉంచాలి. పొయ్యి చుట్టూ కుర్చీలు వేయాలి. నిప్పు మీద బూడిద కప్పి, ఆ బూడిదను బాతు రెక్కతో నున్నగా సర్ది పడుకోవాలి. పొద్దున్న లేచి దాని మీద అడుగు పడిందేమో చూసుకోవాలి.

ఇదంతా నాకు తెలియక కాదు. గాల్వే కాలేజీలో చదివేటప్పుడు దీని మీద పదిహేను పేజీల వ్యాసం రాశాను. తెరిచి ఉంచిన తలుపు గురించే నాలుగు పేజీలు. మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

ఆ నాలుగు పేజీలూ రాసిన చేత్తోనే నిరుడు ఆ రాత్రి తలుపుకి గొళ్లెం పెట్టాను.

దెయ్యాలంటే భయపడి కాదు. గాలి. అట్లాంటిక్ మీంచి వచ్చిన గాలి వంటింట్లోంచి నడిచి మా పడకగదిలోకి వచ్చి దుప్పటి కింద దూరుతోంది. అత్తగారు నిద్రపోయారు. నేను లేచి వెళ్లి గొళ్లెం పెట్టి, తెల్లవారుజామున ఆవిడ కంటే ముందు లేచి తీసేశాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

నిరుడు మార్చిలో మా మావగారు ఫింటన్ పోయారు. అంటే ఆయనకు అది మొదటి సౌవిన్. పోయినవాళ్లు మొదటి ఏడు తప్పకుండా వస్తారని ఇక్కడి నమ్మకం. ఆ పొద్దున్న అత్తగారు పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డారు. బూడిద రాత్రి సర్దినట్టే ఉంది. "రాలేదు" అని ఒక్క మాట అని, ఆయన గిన్నె తీసి కడిగేశారు.

ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆవిడ నోట ఆయన పేరు రాలేదు. నాకు అనుమానం కూడా రాలేదు. మనిషి సర్దుకుంటున్నారనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, అన్నిటికీ ఒక వివరణ ఉంటుంది నా దగ్గర.

ఈ ఏడు పండగనాటి మధ్యాహ్నం మా ఆయన మల్లాకీ ఊళ్లోంచి ఒక ప్లాస్టిక్ గుమ్మడికాయ తెచ్చాడు. మీట నొక్కితే కళ్లు ఎర్రగా వెలిగి, లోపల్నుంచి ఎవరో పకపకా నవ్వుతారు.

"ఒరేయ్, అదేంటిరా?" అన్నారు అత్తగారు.

"దీపమే అమ్మా. దెయ్యాలు బెదిరిపోతాయి."

"దెయ్యాలెవరురా? మీ మేనమామా? మీ అమ్మమ్మా? కన్నవాళ్లు ఇంటికొస్తుంటే బెదరగొట్టడానికి దీపం పెడతావా? దారి కనపడాలని పెడతారు. మిగతా పనికిమాలిన గాలి మూకకి బయట గడప మీద ఒక వికారపు మొహం చాలు. పో, ఆ టర్నిప్ దుంపలు పట్రా."

"టర్నిప్ చెక్కడమంటే రాయి చెక్కడమేనమ్మా."

"మీ నాన్న..." అని మొదలుపెట్టి ఆపేశారు. కత్తి అందుకున్నారు.

సాయంత్రం కుర్చీలు వేయడం మొదలుపెట్టారు. వాళ్లమ్మకి ఒకటి. వాళ్ల నాన్నకి, చేతులున్నది. థేడీకి ముక్కాలిపీట. అంతే, చేతులు దులుపుకున్నారు.

"మావయ్య కుర్చీ అత్తయ్యా?"

"అక్కర్లేదు."

"అదేంటి?"

"వద్దన్న ఇంటికి వచ్చే మనిషి కాదులే ఆయన."

"ఎవరు వద్దన్నారు?"

ఆవిడ పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే ఎండిన పీట్ మట్టి ముక్కలు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పారు. "ఆయన పోయిన రోజు పొద్దున్న నేల తుడిచి ఉన్నాను. పాకలోంచి బురద బూట్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ బూట్లతో నా ఇంట్లో అడుగు పెట్టావంటే చూడు, అన్నాను. నవ్వాడు. వెనక్కి తిరిగి వెళ్లాడు. గేటు దాకా కూడా పోలేదు కదే, అక్కడే పడిపోయాడు." పీట్ ముక్క ఒకటి తిప్పి పెట్టారు. "నిరుడు కుర్చీ వేశాను. తలుపు తీసి ఉంచాను. ఎదురుచూశాను. రాలేదంటే అర్థం ఏంటి? మాట పట్టుకున్నాడు."

గొళ్లెం మాట నా గొంతులోకి వచ్చింది. అక్కడే ఆగింది. చెబితే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో చూసే ధైర్యం నాకు లేదు. కేల్ ఆకు తరగడంలో మునిగిపోయాను. అంత సన్నగా ఎప్పుడూ తరగలేదు.

ఆ రాత్రి గొళ్లెం జోలికి పోలేదు. గాలి వచ్చి నా దుప్పటి కింద పడుకుంది. పడుకోనీ అనుకున్నాను. చీకటి ఇంకా విడవకముందే లేచి చూస్తే బూడిద నున్నగా ఉంది. ఇంకో గంటలో ఆవిడ లేచి దాన్ని చూస్తారు.

నిజం చెప్పడం కంటే తేలికైన పని ఒకటి కనపడింది. పాకలో మేకుకి మావగారి బూట్లు ఇంకా వేలాడుతున్నాయి. కుడి బూటు తెచ్చాను. పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మడమ అటు, మునివేళ్ల భాగం నా వైపు ఉండేలా పట్టుకుని, బూడిదలో ఒక్క ముద్ర వేశాను. చక్కగా పడింది. బూటు తుడిచి మేకుకి తగిలించి వచ్చి పడుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయానని ఒప్పుకోవాలి.

"డింఫ్నా!"

నా పేరు వినగానే పరిగెత్తుకుంటూ వెళ్లాను. అత్తగారు పొయ్యి గట్టు పట్టుకుని వంగి ఉన్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"బూట్లతోనే వచ్చాడే! చూడు, బూట్లతోనే వచ్చాడు, మొండి ముండాకొడుకు!"

మల్లాకీ వచ్చి చూశాడు. ముద్రను చూసి, నన్ను చూసి, మళ్లీ ముద్రను చూశాడు. వెళ్లి టీకి కెటిల్ పెట్టాడు.

"కోపం పోయింది" అన్నారు అత్తగారు. అప్పుడు ఇంకాస్త వంగారు. "వేళ్లు చూడవే. తలుపు వైపు ఉన్నాయి."

"అయితే?"

"వ్యాసాలు రాశావు, ఇది తెలీదా? అడుగు లోపలికి చూస్తుంటే ఇంట్లోకి ఒకరు వస్తారు, పెళ్లో పురుడో. బయటికి చూస్తుంటే ఏడాది తిరక్కుండా ఒకరు వెళ్తారు." నిటారుగా లేచి జుట్టు సర్దుకున్నారు. "నా కోసం వచ్చాడు. సరే, వెళ్దాం."

నా వెనక తలుపు ఉందని, బూటు నా వైపు తిప్పి పట్టుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. వ్యాసంలో అది ఎక్కడో పేజీ అడుగున చిన్నక్షరాల్లో రాసిన సంగతి.

ఆ వారమంతా మా ఇంట్లో పండగే. అత్తగారు పాటలు పాడారు. నా పళ్లెంలో వెన్న వేశారు, నిండా. ఊలు దారాలన్నీ పక్కింటి ఆవిడకి ఇచ్చేశారు. మంచి టీ కప్పులు కాగితాల్లో చుట్టి నా పేరు రాసి పెట్టారు. "అమ్మ ఎంత హుషారుగా ఉందో చూశావా" అన్నాడు మల్లాకీ, అదోలా. నేను చూశాను. ఎన్నిసార్లు చెప్పబోయానో. అంత సంతోషంగా ఉన్న మనిషి చేతిలోంచి ఆ సంతోషాన్ని ఎలా లాక్కోవడం? అదీ నాకు వీలైన సాకే.

రెండో శనివారం కిటికీలో జెరేనియం కుండీకి నీళ్లు పోస్తుంటే మట్టిలో తెల్లగా ఏవో కనపడ్డాయి. అత్తగారి బీపీ మాత్రలు. వరసగా, విత్తనాలు గుచ్చినట్టు గుచ్చి ఉన్నాయి.

వెనక్కి తిరిగాను. ఆవిడ బల్ల మీద దుప్పటి పరిచి గోధుమరంగు అంగీ ఒకటి ఇస్త్రీ చేస్తున్నారు. మా వైపు మనుషుల్ని శవపేటికలో పడుకోబెట్టేటప్పుడు తొడిగే అంగీ అది.

"అత్తయ్యా, మాత్రలు మొలకెత్తవు."

"జెరేనియంకి తల తిరుగుతోందేమోనని."

"వేసుకోండి. దయచేసి."

"ఇంకెందుకే? ఆయన పిలిచాక లాగి పట్టుకోవడం మర్యాదా?" కాలరు మీద ఇస్త్రీపెట్టె జాగ్రత్తగా నడిపించారు. "ఈ ముడతలు చూడు. ఇలా వెళ్తే నవ్వుతాడు."

"ఆయన పిలవలేదు" అన్నాను. "ఆ ముద్ర మావయ్యది కాదు. నేను వేశాను. పాకలోంచి బూటు తెచ్చి."

ఇస్త్రీపెట్టె ఆగింది. బట్ట కమురు వాసన మొదలయ్యాక ఆవిడే దాన్ని తీసి నిలబెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ అంగీని మడిచారు, మళ్లీ విప్పారు, కుర్చీలో కూర్చున్నారు. పది రోజుల్లో వచ్చిన రంగు ఒక్క నిమిషంలో ముఖంలోంచి పోయింది.

"అయితే ఈ ఏడు కూడా రాలేదన్నమాట."

నేను ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశాను.

"నిరుడు కుర్చీ వేశాను, రాలేదు. ఈసారి వేయలేదు, రాలేదు. ఇంకేం చెయ్యాలే నేను?" గొంతు పెంచలేదు, నన్ను నిజంగానే అడుగుతున్నారు. "బూట్లు విప్పమన్నాను. నలభై ఆరేళ్లు అన్న మాటే కదా? రోజూ అనేదాన్ని, రోజూ నవ్వేవాడు. ఆ ఒక్క రోజుకే అంత పట్టింపా?"

సగం నిజం చెప్పి నా బరువు దించుకుని, దాన్ని ఆవిడ మీద పెట్టాను. ఒకసారి కాదు, రెండేళ్లకు రెండు సార్లు. వాకిలి వైపు చూశాను. పోయినవాళ్లు వస్తారని నేను నమ్మను. అయినా నిరుటి ఆ గాలిలో, ఆ చీకట్లో, గడప బయట బూట్లు చేత పట్టుకుని నిలబడ్డ మనిషి నాకు కనపడుతూనే ఉన్నాడు.

ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"నిరుడు ఆ తలుపు తీసి లేదత్తయ్యా. మీరు పడుకున్నాక గొళ్లెం పెట్టాను. చలేసిందని. మీరు లేవకముందే తీసేశాను. మావయ్య రాలేదని మీకెవరూ చెప్పలేరు. వచ్చి ఉంటే, బయటే నిలబడి ఉంటారు. ఏడాదంతా మిమ్మల్ని చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. మీరన్న మాటలో ఏ తప్పూ లేదు. తప్పు నాది. నేను తప్పు చేశాను."