బోస్ఫరస్‌కు గొళ్లెం

నల్లసముద్రం నుంచి వచ్చిన రష్యా యుద్ధనౌక ఒకటి బోస్ఫరస్ జలసంధి ముఖద్వారంలో లంగరు వేసింది. చుక్కాని దెబ్బతిందట, మధ్యధరా సముద్రానికి వెళ్లి బాగుచేయించుకుంటుందట. దారి వదలమని రష్యా రాయబారి జురావ్లోవ్ ఇస్తాంబుల్‌కు కబురు పెట్టాడు.

తుర్కీ విదేశాంగ మంత్రి తల పట్టుకున్నాడు.

"వదిలితే అటు చివర దార్దనెల్స్ జలసంధిలోంచి ఇంగ్లీషువాళ్లు దూరతారు. వదలకపోతే వీళ్లే దూసుకొస్తారు. ఏం చెయ్యమంటావయ్యా, తహ్సీన్?"

తహ్సీన్ ఎఫెందీ ఆ శాఖలో ఒప్పందాల బేరాల్లోనే జుట్టు నెరిసినవాడు. జలసంధి ఒడ్డున తమ కోటల మీది ఫిరంగుల్లో సగం తుప్పుపట్టాయని అతనికి తెలుసు. అయినా తొణకలేదు.

"నన్ను వెళ్లనివ్వండి పాషా. మనం పొమ్మనకుండానే ఆ ఓడ పోతుంది."

పడవలో బుయుక్‌దెరె చేరాడు. రాయబారి విడిది అక్కడే. జురావ్లోవ్ మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"ఏం ఎఫెందీ, అనుమతి తెచ్చారా, సాకు తెచ్చారా?"

"వడ్రంగుల్ని తెచ్చానండీ."

"వడ్రంగులా?"

"మరి? చుక్కాని సరిగా లేని ఓడ మా మలుపుల్లో ఎలా తిరుగుతుంది? ఒడ్డు మేడల్లో మా ఆడవాళ్లు కాఫీ తాగుతుంటే మీ ఓడ ముక్కు కిటికీలోంచి లోపలికొస్తే బాగుంటుందా చెప్పండి! మా రేవులోనే బాగుచేసి పంపిస్తాం. కాకపోతే, శాంతికాలంలో యుద్ధనౌకకి దారి లేదని మీ జార్ గారూ ఒప్పుకున్నదే కదా. ముందు ఫిరంగులు దించెయ్యండి."

జురావ్లోవ్ ముఖం కందగడ్డయింది. "మా ఫిరంగులు మీ చేతికా? దించకుండానే వస్తే? మీ కోటలు ఆపుతాయా?"

తుప్పుపట్టిన ఫిరంగులు తహ్సీన్ కళ్లముందు మెదిలాయి. గొంతులో మాత్రం అది తెలియనివ్వలేదు.

"ఆపక్కర్లేదండీ, ఒక్క గుండు పేలితే చాలు. దార్దనెల్స్ బయట కాచుక్కూచున్న ఇంగ్లీషువాళ్లకి లోపలికి రావడానికి కావలసింది ఆ చప్పుడే. ఆ తర్వాత ఈ నీళ్ల గురించి మాట్లాడేది మీరూ కాదు, నేనూ కాదు."

జురావ్లోవ్ పకపకా నవ్వాడు.

"మీ సామ్రాజ్యం మంచం పట్టిందంటారు గానీ, నాలుకకి మాత్రం ఏ జబ్బూ లేదయ్యా!"

"అంతా దేవుడి దయ."

మర్నాడు చుక్కాని దానంతటదే బాగుపడింది. ఓడ వచ్చిన దారినే పోయింది.

ఆ సాయంత్రమే ఇంగ్లీషు రాయబారి మనిషి తహ్సీన్ దగ్గరికి అభినందనలతో దిగాడు. వెళుతూ వెళుతూ తమ యుద్ధనౌక ఒక్కటి లోపలికొచ్చి సుల్తాన్ గారికి వందనం చేసి పోవచ్చా అని మెల్లగా అడిగాడు.

"మీకైనా వాళ్లకైనా మాట ఒక్కటే," అన్నాడు తహ్సీన్ నవ్వుతూ. "వందనం బయటినుంచే చెయ్యండి. మాకు అందుతుంది."

ఆ మనిషి గుమ్మం దాటగానే తహ్సీన్ తల మీది ఫెజ్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. రెండు రోజుల్లో మొదటిసారి అతనికి ఆకలేసింది.