ఇంజను మొహం తిరిగిన రోజు

పొద్దున్నే గడియారాల మేస్త్రి కూతురు కాఫీ కలిపి, తండ్రికి గ్లాసులో పోసేది. తల్లికి ఓ చుక్క చొక్కా బొత్తాంలో పోసి బొమ్మరైలు పెట్టెలో పెట్టేది. ముందుగదిని ముప్పాతిక మింగేసిన బల్ల మీద, ఈ అంచు నుంచి ఆ చివర కొండపక్క స్టేషను దాకా బండి కూతపెట్టుకుంటూ పోయేది. అక్కడ పెంకుటింట్లోంచి బొటనవేలంత తల్లి వచ్చి బొత్తాం అందుకునేది.

ఆవిడ అక్కడికెందుకెళ్లిందంటారా? విసిగి వెళ్లింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎప్పుడు పిలిచినా మొగుడు కంటికి భూతద్దం తగిలించుకుని "ఒక్క నిమిషం" అనేవాడు. పగలు గడియారాలు, సాయంత్రం రైళ్లు. ఆ నిమిషాలన్నీ పోగేస్తే ఇంకో కాపురం చెయ్యొచ్చు. ఓరోజు బట్టలు సర్దుకుని, బల్ల అంచునున్న స్టేషన్లో బండెక్కేసింది. "పోన్లే, పుట్టింటికంటే దగ్గరేగా" అన్నారు ఇరుగుపొరుగు ఆడవాళ్లు.

కొన్నాళ్లకి ఆవిడ కోపం చల్లారింది. కూతురు చెవి ఒగ్గితే, "వస్తానని చెప్పు మీ నాన్నకి. దిగేటప్పుడు చెయ్యందిస్తే చాలు" అంది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఓ చిక్కు. కొండపక్క స్టేషన్లో ఇంజను తిరగడానికి చోటు లేదు, వెనకడుగున రావాల్సిందే. ఖాళీ పెట్టెల్ని అలాగే రప్పించేవాడు.

"అమ్మనీ అలాగే రానివ్వు నాన్నా, కొంపలేం మునగవు."

"మనుషులెక్కిన బండికి ఇంజను మొహం ముందుండాలి. పద్ధతంటే పద్ధతే."

"ఇటు చివర చేత్తో ఎత్తి తిప్పుతున్నావుగా, అటూ తిప్పు."

"అక్కడ చెయ్యి పెడితే మీ అమ్మ ఇంటి పెంకులు లేచిపోతాయే!"

అలా టర్న్‌టేబుల్ మొదలెట్టాడు. గుండ్రటి గొయ్యి, మధ్యలో ఇరుసు, దాని మీద ఇంజను పట్టేంత వంతెన. వంతెన తిరిగితే ఇంజను మొహం ఇటు తిరుగుతుంది. బల్ల కింద వెల్లకిలా పడుకుని అడుగు నుంచి బిగించాలి. వారంలో తేలే పని. ఆ మహానుభావుడు గొయ్యి గోడ ముక్కల్ని ఊడదీసి, ఇటుక ఇటుకకీ రంగు వేశాడు. నచ్చక గీకేసి మళ్లీ వేశాడు. తల్లి రోజూ బట్టల పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫాం మీదకొచ్చేది, గొయ్యిలోకి తొంగిచూసి ఇంటికి పోయేది.

"ఆయనకి నేను కావాలా, ఈ గొయ్యి కావాలా?" అని అడిగింది ఒకసారి. కూతురికి ఏడుపొచ్చింది.

చివరికో ఆదివారం మధ్యాహ్నం ఇంజను వంతెనెక్కింది, గుండ్రంగా తిరిగింది, పెట్టెల ముందుకొచ్చి నిలబడింది. తల్లి బండెక్కింది. బండి కొండ దాటి, బల్ల అంచుకొచ్చి ఆగింది. ఆవిడ తలుపు తీసుకుని, బట్టల పెట్టె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచింది.

మేస్త్రి బల్లకి ఆ చివరే ఉన్నాడు. భూతద్దం తగిలించుకుని వంతెన పట్టాలు చూస్తున్నాడు.

"నాన్నా, అమ్మొచ్చింది!"

"ఒక్క నిమిషం. ఇక్కడ వెంట్రుకంత సందుంది."

తల్లి చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. కూతురు తన వేలు అందించబోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కాదమ్మా. ఇంజను తిప్పెయ్."

 కూతురు ఇంజన్ని చేత్తో ఎత్తి, తిప్పి పెట్టింది. బండి వెళ్లిపోయింది.

సన్న పట్టకారుతో సందు సరిచేసి మేస్త్రి తలెత్తేసరికి బండి ఆ చివరికి వచ్చేసింది. ఇంజను విడివడి జారుకుంటూ వంతెనెక్కింది, కుదుపన్నదే లేదు. "చూశావటే!" అని అరిచాడు సంబరంగా. అప్పుడు భూతద్దంలో కనబడింది, పెళ్లాం పెట్టె పట్టుకుని బండి దిగుతూ. ఆవిడ పైకి చూడలేదు. ఇంట్లోకెళ్లి తలుపేసుకుంది.

ఆ తర్వాత కాఫీ చుక్క రోజూ వెళ్లినట్టే వెనక్కొచ్చేది. ఇంజను మాత్రం మొహం ముందుకే పెట్టుకుని వచ్చేది. ఓరోజు చల్లారిన కాఫీని కూతురు మొక్క మొదట్లో పారబోసి, తండ్రి వైపు చూసింది.

"ఇప్పుడు సరిగ్గా తిరుగుతోందా నాన్నా?"

"తిరుగుతోందమ్మా" అన్నాడు మేస్త్రి.