అనుభవం లేదు

బొగ్గుబాయి లోపల ఇనుప కడ్డీతో రూఫును కొట్టి ఎల్లేశం చెవి పెట్టాడు. గట్టి చోట ఖంగుమంటుంది. బోలు చోట డప్పులా మోగుతుంది. అక్కడ పెళ్ల ఊడిపడకముందే కర్ర గుంజ నిలబెట్టాలి. టింబర్‌మ్యాన్ పని అదే. ముప్పై ఏళ్లలో ఆ చెవి తప్పింది లేదు. ఈ రోజు మాత్రం ఒకే చోట మూడుసార్లు కొట్టాడు. మనసంతా పైన, గోదావరిఖని చౌరస్తాలో, లిల్లీ నెట్ సెంటర్ దగ్గర ఉంది.

2013 ఆగస్టు ఆఖరి రోజు. రికార్డు ప్రకారం అతనికి అరవై నిండాయి, ఇదే ఆఖరి షిఫ్టు. అసలు వయసు యాభై నాలుగు. రికార్డులో ఉన్నది అతను కాదు, కమాన్‌పూర్‌లో నాగలి పట్టిన బావ రాయమల్లు. పని కాగితం వచ్చాక బావ బాయిలో దిగడానికి జడిసి మక్కచేనులో దాక్కున్నాడు. ఆ కాగితం పట్టుకొని, ఆ పేరుతో, ఎల్లేశం దిగాడు. అట్లా దిగినవాళ్లు ఆ రోజుల్లో వాడకొకరు ఉండేవారు. పేరుతోపాటు బావ వయసు కూడా మీద పడుతుందని అప్పుడు ఎవడు ఆలోచించాడు?

షిఫ్టు దిగాక దండ వేశారు. "రాయమల్లన్న ఇగ హాయిగ కూసుంటడు" అని నవ్వారు. ఎక్కడ కూర్చోవాలో ఎవడూ చెప్పలేదు. భార్య సమ్మవ్వ పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. చేతులు చూస్తే ఇంకా మొద్దులు ఎత్తుతాయి. దండ సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి చౌరస్తాకు తొక్కాడు.

రెండు నెలల కింద, నెట్ సెంటర్ నడిపే లిల్లీ అతనికి లింక్డిన్‌లో పేజీ తెరిచింది. నౌకరీలు చేసేవాళ్లు ఒకరినొకరు వెతుక్కునే సైటు అని చెప్పింది. పేరేం పెట్టాలని అడిగితే ఎల్లేశం అన్నాడు. తను చేసిన పని మీద తన పేరు చూసుకోవడం అదే మొదలు. తెల్లచొక్కాతో ఫొటో పెట్టించాడు. ఒకప్పుడు తన పైన అండర్ మేనేజరుగా ఉన్న యేసుకుమార్ ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఒక ప్రైవేటు గనికి మేనేజరు. ఆయనకు పని అడుగుతూ రాయించాడు.

"వచ్చిందా బిడ్డా?"

"నిన్న మూడుసార్లు వస్తివి. పెండ్లి సంబంధానికి గూడ గింత తిరుగరు కాక." లిల్లీ పేజీ తెరిచి కుర్చీ ముందుకు జరుపుకుంది. "వచ్చింది! ఇను. 'ఎల్లేశం ఎవలో నాకు యాదికి లేదు. నా దగ్గర రాయమల్లు అని టింబర్‌మ్యాన్ ఉండె. అసొంటి చెవి మల్ల చూడలె. ఆయన దొరుకుతె పంపియ్యుండ్రి.' అరె, నిన్నే అడుగుతుండు! ఆ రాయమల్లును నేనే అని రాయనా?"

"రాస్తె వయసెంత?"

లిల్లీ వేళ్లు ఆగిపోయాయి. యాభై ఎనిమిది దాటినవాళ్లు వద్దని ఆ గని ప్రకటనలోనే ఉంది. రాయమల్లుకు అరవై. ఎల్లేశం పేరున ఒక్క షిఫ్టు చేసినట్టు కూడా కాగితం లేదు.

అతను లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి గుమ్మం దాకా వెళ్లి, పోయే లారీలను చూసి వెనక్కి వచ్చాడు.

"రాయమల్లు ఇయ్యాల దిగిపోయిండని రాయి. నేను ఆయన బామ్మర్దినని రాయి. అబద్ధమేం గాదు. హెల్పర్ పనైనా చేస్తనని రాయి."

"మరి గీ ముప్పై ఏండ్లు?"

"తీసెయ్యి."

ఒక్కో వరుస చెరిపింది. టింబర్‌మ్యాన్ పోయింది. గని పోయింది. సంవత్సరాలు పోయాయి. అనుభవం అన్న చోట 'లేదు' అని కొట్టింది.

"పోయినంక గుర్తువడ్తడు గద కాక?"

"బాయిల మొకం ఎవడు చూసిండు బిడ్డా? నెత్తి మీద లైటు చూస్తరు."

లిల్లీ తెప్పించిన చాయ్ చల్లారేలోపే జవాబు వచ్చింది. రాయమల్లు మనిషైతే చాలు, సోమవారం చేరమనండి, కొత్తవాళ్లకు టోపీ, బూట్లు ఇక్కడే ఇస్తాం.

ఆదివారం పొద్దున రామగుండం స్టేషన్‌లో రైలెక్కాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఎవరూ లేరు.

తాళం వేసిన క్వార్టర్ గడప పక్కన అతని బాయి బూట్లు గోడకు ఆనించి ఉన్నాయి, ఎడమ మడమ ఒక వైపుకు అరిగి, కుట్లలో బొగ్గు తడి ఇంకా ఆరకుండా.