ఎక్కించకుండా వాడి చూడండి

మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక జ్లట్కా వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచేది. జర్మనీలో తయారైన బట్టలుతికే మెషిన్లూ కాఫీ మెషిన్లూ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలను బల్గేరియన్‌లోకి మార్చడం ఆమె పని. వాటి మీద ఆమె పేరు ఉండదు, వాటిని చదివేవాళ్ళూ ఉండరు. పైగా కంప్యూటర్ ముసలిదైపోయింది. ఒక ఫైలు తెరవమంటే, అది తెరుచుకునేలోపు కాఫీ కాచుకుని తాగేయొచ్చు. కొత్తది కొనే ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పై అంతస్తులో ఉండే స్పాస్ టెలిఫోన్ శాఖలో రిటైరయ్యాడు. విదిన్ ఊళ్ళో ఎవరి కంప్యూటర్ మూలబడ్డా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తాడు. అందులో కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ ఉంటుంది. అది ఒకరి సొత్తు కాదు, లోకం మీద ఎవరెవరో కలిసి రాసి ఊరికే పంచిపెడుతున్నది. "ముందే ఎక్కించేయకు జ్లట్కా. పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడు, నచ్చితే అప్పుడు ఎక్కించుకో. ఎక్కిస్తే మాత్రం పాతదంతా చెరిగిపోతుంది" అని చెప్పి వెళ్ళాడు.

మిగతాది చెప్పలేదు. ఆ బిల్డింగులో అది తెలియనివాళ్ళు లేరు. కంప్యూటర్ పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నంతసేపూ ఇల్లు కూడా అలాగే నడుస్తుంది, ఆపగానే ఇంట్లో జరిగిందేదీ జరగనట్టే. పగిలిన కప్పు అతుక్కుంటుంది, తిన్న చిక్కుడుగింజల చారు గిన్నెలోకి తిరిగొస్తుంది, అన్న మాటలు ఎవరూ అననట్టే ఉంటాయి. మీట నొక్కి ఆన్ చేసినవాళ్ళకి మాత్రం అంతా గుర్తుంటుంది. గడప దాటి పోయినది, పంపిన ఉత్తరమైనా చేసిన ఫోనైనా, వెనక్కి రాదు. గడిచిన పొద్దూ రాదు. మూడో అంతస్తు దోన్కా ఒంట్లో షుగర్ పెట్టుకుని, పెన్‌డ్రైవ్ గుచ్చి కడుపునిండా బక్లావా మిఠాయి తింటుంది. ఆమె మొగుడు ఒకసారి మీసం గీసేసుకుని, అద్దంలో చూసుకుని, పరుగున వెళ్ళి కంప్యూటర్ ఆపేశాడు.

జ్లట్కాకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. రొమ్ములో గడ్డ తేలింది, కోసి తీసేయాలన్నారు. రాజధాని సోఫియాలోని ఆసుపత్రిలో సోమవారానికి మంచం ఖాళీ ఉంది, వస్తున్నదీ లేనిదీ శుక్రవారం సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పాలి. ఆమె భర్త నెద్యాల్కో చెల్లెలు ఇలాంటి ఆపరేషన్‌కే వెళ్ళి బల్ల మీదే పోయింది. అప్పట్నుంచి అతను ఆసుపత్రి ఉన్న వీధిలో నడవడు. పంపుల ఫ్యాక్టరీ మూతపడ్డాక బాల్కనీలో కూర్చుని పాత రేడియోలు బాగుచేసుకుంటున్నాడు. వద్దని అతను ఒక్క మాటంటే తను ఆగిపోతుందని జ్లట్కాకు తెలుసు. అందుకే పెన్‌డ్రైవ్ పెట్టి చెప్పి చూసింది.

మొదటిసారి అతను బల్ల గుద్ది, కత్తి మాట ఎత్తావంటే ఊరుకోనన్నాడు. ఆపేసింది. రెండోసారి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అతన్ని ఊరడించడంలో ఆమె సంగతి ఎటో పోయింది. ఆపేసింది. మూడోసారి మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్ళి రేడియో విప్పుకుని కూర్చున్నాడు. అప్పుడూ ఆపేసింది. అతనికేమీ గుర్తులేదు, మర్నాడు హాయిగా కాఫీ తాగాడు. మూడు దుఃఖాలూ ఆమె ఒక్కదాని నెత్తిమీదే మిగిలాయి. ఇక ఓపిక లేదు. ఫోనూ వద్దు, సోఫియా వద్దు, ఏమైతే అదే అవుతుందనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం కూరి వండేందుకు పెద్ద మిరపకాయల్లోంచి గింజలు తీస్తోంది. చేతులు తడిగా ఉన్నాయి. పని పంపాల్సిన వేళ అవుతోంది. "ఆ కంప్యూటర్ కాస్త ఆన్ చెయ్యి నెద్కో" అంది మొగుడితో. పెన్‌డ్రైవ్ ఇంకా దానికే గుచ్చి ఉంది, అలసటలో ఏం అడుగుతోందో ఆలోచించలేదు.

నెద్యాల్కో మీట నొక్కాడు.

మిరపకాయ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కిటికీ బయట మాత్రం చీకటి పడిపోయింది. కంప్యూటర్ తెర ఆరిపోయి ఉంది, దాని ముందు కూర్చుని నెద్యాల్కో ఆమెనే చూస్తున్నాడు. ఇంత పొద్దు గడిచింది, అందులో ఒక్క ముక్కా తనకు గుర్తులేదు. ఆమెకు భయం వేసింది.

"నేనేం చెప్పాను?"

"అంతా చెప్పావు. అది ఆన్ అవగానే మొదలుపెట్టావు, నువ్వే నొక్కాననుకున్నావో ఏమో. ఇంతకుముందు మూడుసార్లు చెప్పానని కూడా అన్నావు."

"బల్ల గుద్దావా?"

"గుద్దాను. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత బాల్కనీలోకి పోయి రేడియో విప్పాను."

"మరింకేం."

"ఈసారి నువ్వు ఆపలేదుగా. సోఫాలో ఒరిగి నిద్రపోయావు. రేడియో మాత్రం ఎంతసేపని విప్పుతాను? లోపలికొచ్చాను. నీకు దుప్పటి కప్పాను."

దుప్పటి ఇప్పుడు మడతపెట్టి కుర్చీ మీద ఉంది. జ్లట్కా గోడ గడియారం వంక చూసింది. ఫోన్ చేయాల్సిన వేళ దాటిపోయింది. పోనీలే, అదీ మంచిదే అనుకుంది, అదే మాట పైకీ అంది.

"నేను చేశాను" అన్నాడు నెద్యాల్కో. "సోమవారం వస్తున్నామని చెప్పాను, ఇద్దరం. నిన్ను లేపి అడగలేదు. గడప దాటిన మాట, ఇక వెనక్కి రాదు."

తనను అడగకుండా చేసినందుకు కోపం రావాలి, రాలేదు. గుండెలోంచి ఏదో దిగిపోయినట్టయి కళ్ళు నిండాయి. తాను చెప్పిన మాట ఈసారి తన దగ్గర లేదు. అది అతని దగ్గర ఉంది.

"ఎందుకు ఆపేశావు మరి? నాకూ గుర్తుండేది కదా."

"మూడు మోశావు. ఈ నాలుగోది నా దగ్గర ఉండనీ."

ఆమె చేతిలోంచి మిరపకాయ తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాడు. అలవాటు లేని చేయి, కాయ పక్కకు చిరిగింది.

"వెళ్ళి పడుకో" అన్నాడు. "ఇందాకటి నిద్ర నీకు దక్కలేదు."

జ్లట్కా వెళ్ళి పడుకుంది.