గ్లాసు కడిగినవాడు

కోడి చారు మరిగేటప్పుడు నురుగు తీస్తూనే ఉండాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉన్నా చారు మసకబారుతుంది. మా అత్తగారికి వారమంతా సరిపడా మాట దొరుకుతుంది. అందుకే ఆ ఆదివారం గరిటె వదలకుండా, వంటింటి గుమ్మంలోంచే టీవీ చూస్తున్నాను. నేను తర్జుమా చేసిన హత్య సినిమా వస్తోంది. రెండో భాగం.

మా పోలండ్ టీవీలో పరాయి దేశపు సినిమా వేస్తే, నటుల గొంతులు వెనక సన్నగా వినిపిస్తుంటాయి. వాటి మీదుగా ఒకే మగవాడు అందరి మాటలూ చదువుతాడు. తల్లి ఏడ్చినా, పిల్ల అలిగినా, ముద్దాయి బొంకినా అదే గొంతు. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు మా ఆయన రిషార్డ్‌ది. మాటలు నావి. వార్సాలో టాక్సీ ఎక్కితే డ్రైవర్లు ఆయన గొంతు గుర్తుపట్టి డబ్బులు వద్దంటారు. నన్ను చూసి, "అదృష్టవంతులమ్మా, ఇంట్లో రోజూ వింటారు" అంటారు. వినడానికేముంది, రోజూ వింటాను.

రెండో భాగం మొదటిదానంత బాగా లేదు. ఆ సంగతి తర్జుమా చేసేటప్పుడే తెలుసు. మంచులో చిక్కుకున్న బంగళా బాగుంది. మొదటి అరగంట గుబులు పుట్టిస్తుంది. డిటెక్టివ్ చమత్కారాలు కూడా బాగున్నాయి. కానీ మొదటి భాగంలో హంతకుణ్ణి పట్టిచ్చిన వంటమనిషి ఈడిత్‌కి ఇందులో ఆ డిటెక్టివ్‌తో పెళ్లయిపోయింది. ఇక ఆమెకు టీ తేవడమే పని. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ తెలివంతా ఏమైపోయిందమ్మా నీకు అని ఆమెనే అడగాలనిపించింది. మధ్యలో కథ గంటసేపు నీరసంగా కూలబడుతుంది. అయినా రచయితకు ఎక్కడో సిగ్గేసినట్టుంది, ఆమెకు ఒక్క మంచి మాట మిగిల్చాడు. మంచు ముసరకముందే పనివాళ్లు పారిపోయిన ఆ బంగళాలో గిన్నెలు తోముతూ అంటుంది: "విందులో ఎనిమిదిమంది తాగారు. సింకులో ఏడు గ్లాసులే ఉన్నాయి. తన గ్లాసు తనే కడుక్కున్న మగవాణ్ని నేనింతవరకూ చూడలేదు. వాడికి ఏదో అవసరం ఉండే ఉంటుంది." చివర్లో హంతకుడు దొరికేది ఆ ఒక్క మాట మీదే.

ఆ నాలుగు వాక్యాల కోసం ఒక పూటంతా కూర్చున్నాను. బంగాళదుంపలు చెక్కు తీస్తూ పైకి అనుకుని, ఎన్ని క్షణాలు పడుతుందో చూసుకున్నాను. ఈడిత్ పెదాలు కదిలినంతసేపుకి సరిగ్గా సరిపోయింది.

స్టూడియోకి వెళ్లేముందు రిషార్డ్ అలవాటు ప్రకారం పెన్సిలు తీశాడు. చదివేవాడికి ఊపిరి అందదనిపిస్తే వాక్యం కొట్టేసే హక్కు ఉంది. ఇక్కడ అది మామూలే.

"ఇది కొట్టేయకు. కథంతా దీనిమీదే ఉంది" అన్నాను.

"గిన్నెలు తోముకునే కబుర్లు ఎవరు వింటారు బొగుమీవా? ఆ టైముకి జనం లేచి బాత్రూముకి వెళ్తారు."

"రిషార్డ్, నా మాట విను."

"సర్లే, చూస్తాలే."

చూస్తాలే అన్నాడు కదా అని నమ్మాను. ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా నమ్మడమేమిటో నాకే తెలియదు.

టీవీలో ఈడిత్ గిన్నెల దగ్గరికి వచ్చింది. ఆమె పెదాలు చాలాసేపు కదిలాయి. రిషార్డ్ గొంతు, "అన్నీ కడిగేశాను" అని ఊరుకుంది.

సరిగా వినపడని మా అత్తగారు సోఫాలో ముందుకు వంగి, పక్కనే కూర్చున్న కొడుకుని అడిగింది. "ఏరా, ఆవిడ అంతసేపు నోరాడిస్తే నువ్వు రెండు ముక్కలే చదివావేంట్రా? ఏదో గట్టి మాటే అనుంటుంది. ఆ మొహం చూడు!"

"నన్నడుగుతావేంటమ్మా? రాసింది నీ కోడలు. దాన్నే అడుగు."

ఆవిడ నా వైపు తిరిగింది. గరిటె చేతిలోనే ఉంది, నురుగు తీయడం మరిచాను. చారు మసకబారింది. అది మాత్రం ఆవిడకి బాగానే కనపడింది.

చివర్లో డిటెక్టివ్ ఎనిమిదో గ్లాసు ఎత్తి చూపించాడు. ఆ గ్లాసు సంగతి అతనికెలా తెలిసిందో దేశంలో ఎవరికీ అర్థమై ఉండదు. ఆపైన ఎప్పటిలాగే రిషార్డ్ గొంతు హుందాగా చదివింది: "తర్జుమా: బొగుమీవా జరెంబా. చదివినది: రిషార్డ్ జరెంబా."

సోమవారం ఛానెల్ నుంచి కొర్నేలియా గారు ఫోన్ చేశారు. నాకు పని ఇచ్చేది ఆవిడే.

"పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లండీ. గ్లాసు ఎక్కణ్ణుంచి ఊడిపడిందని అడుగుతున్నారు. ఇంగ్లిష్‌లో మాట ఉంది, నేను విన్నాను. మీ కాగితం ఇక్కడ లేదు, మీవారే తీసుకెళ్లారు. మూడో భాగం కూడా కొన్నాం. మీకే ఇద్దామనుకున్నాను. ఆ మాట మీరు వదిలేశారా, ఆయన కొట్టేశారా? ఆయనైతే నేను మాట్లాడుకుంటాను, మీకేం ఇబ్బంది రాదు."

పక్క కుర్చీలో అంతా వింటున్న రిషార్డ్ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. టీ చల్లారిపోతే నేను మార్చి తెస్తానని ఎలా చూస్తాడో అలాగే చూశాడు. ఇల్లు గడిచేది ఆయన గొంతు మీద. పైగా ఆ గొంతు అడగకుండానే చేసిపెట్టడం నాకు ఎప్పుడో ఒంటబట్టింది. మూడో భాగంలో ఈడిత్ మళ్లీ ఏమంటుందో చూడాలని నాకు ఎంతో ఉంది. ఆ మాటలు నేనే రాయాలని ఉంది. నోరు తెరిస్తే మాత్రం వేరే మాట వచ్చింది.

"నేనే వదిలేశానండీ."

రిషార్డ్ పేపరు మళ్లీ విప్పుకుని, "చూశావా, రెండు ముక్కల్లో ఎంత హాయిగా తేలిపోయిందో!" అన్నాడు.

నేను ఫోన్ పెట్టలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క మాట జారవిడవని మనిషినని కొర్నేలియాకు తెలుసు. ఇంకొక్కసారి అడుగుతుంది, నిజమేనా అంటుంది, అంటే చెప్పేద్దామని రిసీవరు చెవికి అదుముకుని నిలబడ్డాను.

"అలాగాండీ" అని ఆవిడ పెట్టేసింది.