క్లీనర్ సీటు

హెవీ లైసెన్సు టెస్టు నేను పాసయ్యాను. కార్డు మాత్రం ఇంకా రాలేదు. అది ఎక్కడో ప్రింటవుతోందట. ఫోన్లో చూస్తే 'ప్రాసెస్‌లో ఉంది' అని వస్తుంది. మా గల్లీ మురుగు మోరీ పని కూడా ఏళ్ల తరబడి ప్రాసెస్‌లోనే ఉంది కాబట్టి ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు.

మా అవ్వ సంతోషమ్మకు అంత ఓపిక లేదు. టెస్టు అయిన ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేసింది. "నా కొడుకు బెన్నీ లారీ డ్రైవర్ అయిండు. దేవునికి స్తోత్రం!" అందరూ ఆమెన్ అన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఆ సోమలింగాన్ని నేనే.

కార్డు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని, మా ఊరు బోథ్‌లోనే పత్తి లారీ ఉన్న సుదర్శన్‌రావు దగ్గర చేరాను.

"కార్డు లేనోడు డ్రైవర్ కాదురా. వచ్చేదాక క్లీనర్ పని చెయ్యి," అన్నాడాయన.

ధర్మం తెలిసిన మనిషి కదా, తలూపాను. అద్దాలు తుడిచాను. టైర్లను కర్రతో కొట్టి గాలి చూశాను. డ్రైవర్ దేవదాస్ అన్నకు చాయ్ మోశాను. లారీ వెనక్కి వస్తుంటే పక్కన చరుస్తూ "రానీ, రానీ" అని అరిచాను. సాయంత్రం ఇంటికి వెళితే అవ్వ నా మసి చేతులు చూసి, "స్టీరింగ్ పట్టి పట్టి ఎట్లయినయో!" అని మురిసిపోయేది. స్టీరింగ్‌కు మసి ఉండదని నేను చెప్పలేదు. 

ఒక పొద్దున దేవదాస్ అన్నకు జ్వరం. లారీ నిండా పత్తి, పైన మబ్బు. తడిస్తే ఆదిలాబాద్ మార్కెట్‌లో ఎవడూ ముట్టడు.

"డ్రైవర్ సాబ్, చాయ్ తాగినవా?"

ఏ డ్రైవర్ వచ్చాడా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. సుదర్శన్‌రావు నాకే కుర్చీ వేస్తున్నాడు.

"కార్డు రాలే గదా దొరా," అన్నాను.

"కార్డు నడుపుతదా లారీని? నడిపేది నువ్వు. ఎవ్వడన్న ఆపితే నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు." తాళం నా చేతిలో పెట్టాడు.

అబద్ధమెందుకు, ఎక్కాను. ఇంజన్ స్టార్ట్ చేశాను. సీటు కింద ఆ అదురు తగలగానే ఒళ్లంతా సంబరమైంది. బజారు మీదుగా పోతే అవ్వ చూస్తుంది, ఆమె సాక్ష్యం నిజమవుతుంది. పట్టుబడితే మాత్రం, రావాల్సిన కార్డు ఇక ఎప్పటికీ రాదేమో.

కిటికీలోంచి తల బయటపెట్టాను. "దొరా, మీరు గూడ ఎక్కుండ్రి. క్లీనర్ సీటు ఖాళీగనే ఉన్నది. ఎవ్వడన్న ఆపితే మీరే చూసుకుంటరు గదా."

"నేనెందుకురా? తొవ్వల చెకింగ్ ఉంటది. నాకెందుకు గా పరేషాన్?"

ఇంజన్ ఆపి దిగాను. నాకు వేసిన కుర్చీలో తాళం పెట్టాను.

"నువ్వు డ్రైవర్‌వే కాదురా!" అని ఎగిరాడు.

"గదే గదా దొరా, మీరు మొదటిసంది చెప్తున్నది."

రేపటి నుంచి రావద్దన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడ మల్లన్న అంటారు. నేను ఏరు దాటించకుండానే బోడ మల్లన్ననయ్యాను.

ఇంటికి వెళ్లి అవ్వకు అంతా చెప్పాను, మసి సంగతితో సహా. ఆమె అంతా విని లేచింది. చాట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. నాకు నిజంగా భయమేసింది.

ఆదివారం చర్చిలో ఆమె మళ్లీ లేచింది. నేను తల దించుకున్నాను.

"నా కొడుకు ఇంకా డ్రైవర్ కాలే. నేనే జర తొందరపడ్డ. గీ వారం దొర తాళం చేతుల పెట్టినా లారీ నడపలే. దేవునికి స్తోత్రం!"

లారీ నడపనందుకు స్తోత్రం చెల్లించడం మా చర్చిలో అదే మొదలు. ఆమెన్ అనాలో వద్దో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పాస్టరుగారే అన్నారు, కొంచెం మెల్లగా.

బయటికి వచ్చేసరికి నా కళ్లు తడిసి ఉన్నాయి. అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది.

"కార్డు రానీ బిడ్డా. నువ్వు ఏ లారీ ఎక్కినా, మొదటి దినం గా క్లీనర్ సీట్ల నేను కూసుంట. ఎవ్వడన్న ఆపితే నేను చూసుకుంట."