పసుపునీళ్ళ సీసా

బర్మాలో, తామ్వే అనే పేటలో చిన్నమ్మి మేడమీది గదిలో రెండు నెలలుగా అద్దెకుంటున్న జపాను ముసలాయన పేరు ఓకుదా. సినిమాల్లో చిన్న వేషాల నటుడు. నలభై ఏళ్ళుగా సైనికుడో, దొంగో, దుకాణదారో, ఏ వేషం వేసినా సగం కథలోపే చచ్చిపోతూ వచ్చాడు. తనకంటే బాగా చచ్చేవాడు తమ దేశంలోనే లేడని వచ్చీరాని బర్మా మాటల్లో చెప్పుకుని నవ్వేవాడు. డాక్టర్లు తనకు ఏడాది గడువు పెట్టారని మాత్రం నవ్వకుండా, ఒకే ఒక్కసారి చెప్పాడు.

ఇక్కడ తీస్తున్న సినిమాలో అతని చావు అహ్లోన్‌లోని పాత బియ్యం మిల్లు దగ్గర. చావు ఒక్కటే అయినా వారం రోజులు తీశారు. రోజూ పాడె మీద పడుకుని వచ్చిన మనిషిని చిన్నమ్మి తిన్నగా లోపలికి రానిచ్చేది కాదు. గడప బయటే నిలబెట్టి, కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశాకే రమ్మనేది. పక్కింటి హైమ వేళాకోళం చేసేది.

"ఏటే చిన్నమ్మీ, నీ చచ్చినోడు ఇంకా రాలేదేటి?"

చిన్నమ్మి చెంబు పట్టుకుని వీధి వైపే చూస్తూ ఉండేది. భర్త బుల్లియ్య తన్లిన్‌కు పనికి బయల్దేరిన రోజు, ఆమె గంజి వారుస్తూ వెనక్కి తిరిగి చూడలేదు. అతను మళ్ళీ గడప తొక్కలేదు.

ఆఖరి రోజు సినిమా కంపెనీవాళ్ళు వచ్చి ఓకుదా పెట్టె పట్టుకెళ్ళారు. షూటింగు నుంచి అటే విమానాశ్రయానికి వెళ్ళిపోతాడట. ఆ చావు ఒంటిమీద ఉండగానే వెళ్ళిపోతాడా? చిన్నమ్మికి కాలు నిలవలేదు. సీసాలో పసుపునీళ్ళు పోసుకుని అహ్లోన్ బస్సెక్కింది.

ఆమె వెళ్ళేసరికి అతను కారులో కూర్చుని ఉన్నాడు. మొహాన బూడిద రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఆమెను చూసి తలుపు తెరిచాడు. ఆమె మూత తీసి వంగబోతే చేత్తో ఆపాడు.

"ఇది ఇంటికొచ్చినవాడికి కదమ్మా," అన్నాడు మెల్లగా. "నేను వెళ్తున్నాను."

వారం రోజులుగా తన చేత్తోనే చేస్తున్న పని. ఆ తొందరలో ఆ సంగతే మరిచిపోయింది చిన్నమ్మి. సీసా మూత మళ్ళీ బిగించింది. డ్రైవరు గడియారం చూసుకున్నాడు.

"అయితే ఇంటికే రండి," అంది చివరికి.

ఓకుదా వస్తాననలేదు, రాననలేదు. రెండు చేతులూ జోడించి, తల బాగా వంచాడు. కారు మలుపు తిరిగేదాకా ఆమె కళ్ళు తిప్పకుండా చూసింది.

ఇంటికొచ్చి, మూత బిగించిన సీసాను గడప పక్కనే పెట్టింది. పసుపు అడుగుకు దిగినప్పుడల్లా నీళ్ళు మారుస్తూ ఉంది.